అలంకారమునకు అధిపతి యెవరు?

ముద్రాచిత్రములందలి మతసంకేతములను గూర్చి వ్రాయువారు తరచుగా రెండు మాటలతో విషయమును ముగింతురు. ఐరోపాలో నున్నచో అది అలంకారము. మనదేశమున కనబడినచో పాశ్చాత్య ప్రభావము. ఈ మాటలు చాలవని నా అభిప్రాయము.

స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ప్రాపున, ఆంట్వెర్ప్ నగరమున ప్లాంటిన్ 1568లో బహుభాషా బైబిలు ముద్రణ మారంభించెను. దాని ముఖపత్రమున సింహము, ఎద్దు, తోడేలు, గొఱ్ఱెపిల్ల ఒకే మేతతొట్టికడ కూడియున్నవి. యెషయా ప్రవక్త చెప్పిన దైవరాజ్య శాంతికి అది సంకేతము. పిదప బరోక్ యుగమున రూబెన్స్ అదే ముద్రణాలయమునకు ముఖపత్రములను రూపొందించి ఆ మార్గమును పెంపొందించెను. మన కావ్యములలో అవతారిక చేయు పనినే ఇట్టి పత్రములు చేసినవి: దైవమును, పోషకుని, గ్రంథాశయమును ముందుగా ఎఱిగించుట. అవతారికను ఉత్త అలంకారమని మనమెవ్వరమును అనము గదా!

1580లో జెస్యూటు మతాచార్యులు ఈ బైబిలును ఫతేపూర్ సిక్రీలో అక్బరునకు సమర్పించిరి. సుమారు 1618లో అబుల్ హసన్ రచించిన చిత్రమున జహంగీరు షా అబ్బాసును కౌగిలించుకొనుచున్నాడు. అందు భూగోళముపై పరుండిన సింహము మీద జహంగీరు, గొఱ్ఱె మీద షా అబ్బాసు నిలిచియున్నారు. సింహము గొఱ్ఱెను పడమటికి నెట్టుచున్నట్లున్నది. రెక్కల శిశువులు పాదుషా ప్రభామండలమును మోయుచున్నారు. దైవశాంతి ఇచట రాజాధిక్యమైనది. దీనిని ప్రభావమని మాత్రమే అన్నచో ఈ మార్పు మన కంటికి దొరకదు.

ఈ రెండింటికిని ఎంతయో ముందు, 11వ శతాబ్దిలోనే, నన్నయ కణ్వాశ్రమమున ఏనుగుల నీడను సింహములకు సుఖావాసము చేసెను. ఇందు ఎరువు తెచ్చుకొన్న దేమియు లేదు. పోలిక మాత్రమే కలదు. రాయపూరున తెలుగు మాతృభాష కాని విద్యార్థులకు ఆ ఘట్టము చెప్పునపుడు నేను వేయు ప్రశ్న యొక్కటే: ఎవరి మహిమచే జాతివైరము శమించినది? నన్నయకడ మునుల తపస్సుచే. ఆంట్వెర్ప్ పత్రమున దైవముచే. మొగలు చిత్రమున రాజుచే. మృగములు అవియే, అధిపతి వేఱు. సంకేతార్థమును నిర్ణయించునది ఈ అధిపత్యమే.

కావున తెలుగు ప్రాచీన ముద్రణములను పునర్ముద్రించువారికిని, డిజిటల్ ప్రతులు సిద్ధపఱచువారికిని ఒక విన్నపము. ముఖపత్రమును, అంచుల పూలకట్టును, దేవతాచిత్రములను విడిచి పాఠమును మాత్రమే గ్రహింపవలదు. అవియు గ్రంథభాగములే. వానిని పోగొట్టుకొన్నచో, ఆ గ్రంథము ఎవరి పేర, ఎవరి ప్రాపున వెలువడినదో చెప్పు సాక్ష్యమును మనచేతులతో మనమే చెఱిపినవారమగుదుము.