మన కాఫీ రుచి మనకే తెలీకపోతే ఎలా?

పాడేరు, అరకు, చింతపల్లి వైపు కాఫీ తోటలున్న అన్నలూ, అక్కలూ, కోపం తెచ్చుకోకుండా చదవండి. పొద్దున్నే మీ ఇంట్లో కాచే కాఫీ ఎక్కడిది? సంతలో కొన్న ప్యాకెట్‌దే కదా! కొండ మీద సిల్వర్ ఓక్ నీడన అరబికా కాస్తుంటే మనం ప్యాకెట్ చింపుకుంటున్నాం. కాఫీ-చికోరీ పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. మిగతాదంతా చికోరీ వేరే. 2019లో అరకు అరబికాకి జీఐ గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొట్టాం. ఆ రుచి మనలో ఎంతమంది నాలుకకి తెలుసు?

"రైతుకి ఈ షోకులెందుకు" అంటారు కొందరు. షోకు సంగతి పక్కన పెట్టండి, నేను అడిగేది రేటు గురించి. పెద్ద కొనుగోలుదారు శాంపిల్ వేయించి, పొడి కొట్టి, వేడినీళ్లు పోసి, చెంచాతో జుర్రి చూశాకే ధర చెప్తాడు. సంతలో షావుకారు గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని "బాలేదు" అని కోత పెడతాడు. మనం తల వంచుకుని మూట తూయిస్తాం. బాగుందని చెప్పడానికి మన దగ్గర ఆధారమేదీ? మనం ఎప్పుడూ తాగి చూడలేదు.

దీనికి మిషను అక్కర్లేదు. ఎండిన పార్చ్‌మెంటు రెండు గుప్పెళ్లు రోట్లో మెల్లగా దంచి పొట్టు చెరగండి. కుంపట్లో బొగ్గులు బాగా ఎర్రబడి, పైన బూడిద పట్టి, పొగ ఆగాక ఇనప మూకుడు పెట్టండి. పొగ ఉండగా పెడితే కాఫీకి ఆ కంపే పడుతుంది. ఇంట్లో తలుపులేసి మాత్రం వద్దు, బొగ్గు నుంచి వచ్చే విషవాయువు కంటికి కనబడదు. అరుగు మీదో, వాకిట్లోనో చెయ్యండి. గరిట ఆపకూడదు. ముందు పచ్చిగడ్డి వాసన, తర్వాత గింజ పసుపెక్కి రొట్టె కాల్చిన వాసన, ఆపైన చిటపటలు. ఆ చిటపటలు సద్దుమణిగే వేళకి దించేసి, చేటలో ఎగరేసి చల్లార్చండి. నూనె తేలి నల్లబడేదాకా ఉంచితే మీకు తెలిసేది మాడు రుచే. ఒక రోజు ఆగి పొడి కొట్టండి.

ఇప్పుడు ఆ చేటలోకి చూడండి. అన్నీ గోధుమరంగు తిరిగితే కొన్ని గింజలు మాత్రం తెల్లగా పాలిపోయి ఉంటాయి. అవి పచ్చికాయ కోసిన గింజలు. దొంగలు కోస్తారనో, కూలీ మళ్లీ దొరకదనో భయపడి కొమ్మ మొత్తం దూసేశాం చూడండి, ఆ లెక్క అక్కడ బయటపడుతుంది. ఊరగాయలా పుల్లటి కంపు వస్తే, పల్పింగ్ చేశాక ఎక్కువసేపు పులియబెట్టారన్నమాట. ఇవి షావుకారు చెప్పకముందే మనకి తెలియాలా, వద్దా?

ఇథియోపియాలో చుట్టం వస్తే ఎదురుగానే బొగ్గుల మీద గింజలు వేయించి, మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. ఆ దేశంలో పండేదాంట్లో సుమారు సగం వాళ్లే తాగుతారు. మనమేమో ఒక్క కిలో కూడా ఇంట్లో ఉంచుకోం. సుమారు ఆరు కిలోల పండుకి కిలో గింజ వస్తుంది, వేయిస్తే 800 గ్రాములకి కాస్త పైన. ఏడాదికి ఆ మాత్రం మిగల్చలేమా?

ఈసారి సంతకి మూటతోపాటు ఓ పొట్లంలో వేయించిన గింజలు కూడా పట్టుకెళ్లండి. రేటు చెప్పకముందే ఆయన ముక్కు దగ్గర పెట్టండి. ఏమన్నాడో నాకూ చెప్పండి.