మిద్దెకు పిట్టగోడ, గనికి శిక్షణ

వైరా చుట్టుపక్కల మన సంఘాల్లో సింగరేణి జీతంతోనో కాంట్రాక్టు కూలితోనో గడిచే ఇళ్లున్నాయి. సత్తుపల్లి, కొత్తగూడెం, ఇల్లందు గనులు మనకు దూరపు సంగతులు కావు. అందుకే ధన్‌బాద్ ఐఐటీలో నెలకొల్పిన వర్చువల్ రియాలిటీ గని శిక్షణ మనకూ పట్టవలసిన విషయమే. అందులో కార్మికుడు భూమి మీదే ఉంటాడు. కళ్ల ముందు త్రీడీ గనిలో ప్రమాదం ఎదురైతే ఏం చేయాలో నేర్చుకుంటాడు. తప్పు చేసినా ప్రాణం పోదు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. మంచిదే, రావలసిందే.

అయితే 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి మరణించిన ముగ్గురిలో ఏరియా సేఫ్టీ మేనేజర్ ఒకరు. రక్షణ గురించి ఆయనకు శిక్షణ తక్కువైందని ఎవరంటారు?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు మిద్దెకు పిట్టగోడ కట్టమన్నాడు. జాగ్రత్తగా నడవడం నేర్చుకొమ్మని అతిథికి చెప్పలేదు; పడినవాని రక్తాపరాధం యజమాని ఇంటి మీదికే వస్తుందన్నాడు. వీఆర్ నడక నేర్పుతుంది. కప్పుకు ఊతం, పాత గనుల్లో నిలిచిన నీటి లెక్క, ఇవి పిట్టగోడలు. వీటి ఖర్చు తగ్గించుకోవడానికి శిక్షణ సాకు కాకూడదు.

అడ్రియాల మృతుల్లో ఒక కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కొత్త శిక్షణ ఏది వచ్చినా అలాంటివారికి మొదట అందాలి. సంఘపెద్దలారా, ఈ ఆదివారం మీ కాంట్రాక్టు కార్మికులను అడగండి: పనిలో దిగేముందు మీకు ఎన్ని రోజులు నేర్పారు?