కషాయమూ, రక్తపరీక్షా

వానలు వెనకపట్టి, తంగేడు పూసి, బతుకమ్మ దగ్గరపడే రోజుల్లో మా వైపు ఇంటికొకరు ముసుగు తన్ని పడుకుంటారు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, దగ్గు. అవి తగ్గేలోగా చలి మొదలవుతుంది. ఈ నాలుగు నెలలు ఆరోగ్యంగా గడిపేదెట్లా అంటే మనలో రెండు రకాల జవాబులున్నాయి. "పెద్దలకు అన్నీ తెలుసు, కషాయం తాగితే చాలు" అనేవారు కొందరు. "అవన్నీ ముసలమ్మ ముచ్చట్లు" అని కొట్టిపారేసే సైన్సు విద్యార్థులు కొందరు. నాకైతే రెండూ సోమరితనంగానే కనిపిస్తాయి. పరీక్షించి చూసే శ్రమ రెండింటిలోనూ లేదు.

హేమంతంలో పాలు, చెరకుతో చేసినవి, నూనె, కొత్త బియ్యపు అన్నం, వేడినీళ్ళు వాడుకొమ్మని చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం చెబుతుంది. రైతు బిడ్డగా నాకిందులో రహస్యమేమీ కనపడలేదు. ఆ రోజుల్లో ఇంటికొచ్చేవే అవి. వానాకాలం వడ్లు కల్లం నుంచి దిగుతాయి, చెరకు నరుకుతారు, బెల్లం వండుతారు. (ముత్యంపేటలో చెరకు మాటెత్తితే గుండె కలుక్కుమంటుంది. ఇక్కడి చక్కెర కర్మాగారానికి 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. అది రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.) ఋతుచర్యలో సగం పంటల క్యాలెండరే. చైనావాళ్ళ ప్రాచీన వైద్యగ్రంథం 'హువాంగ్‌దీ నైజింగ్' చలికాలంలో పెందలాడే పడుకొని పొద్దు పొడిచాకే లేవమంటుంది. ఇందులో రెండో సగాన్ని మన హాస్టల్ మిత్రులు ఏ గ్రంథమూ చదవకుండానే అన్ని ఋతువుల్లోనూ నిష్ఠగా పాటిస్తున్నారు!

తిండి సంగతిలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మందు దగ్గర. ఇక్కడ చైనా నుంచే మనం నేర్చుకోవలసింది ఒకటుంది. 1969లో తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు మందు వెతికే పనిలో చేరింది. పాత గ్రంథాలు తిరగేసి, వైద్యులను అడిగి, 2,000 చిట్కాలు పోగుచేసింది. ఆమె బృందం దాదాపు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకలపై పరీక్షించింది. అందులో చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసింది, ఇంకోసారి చేయలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండి తాగమన్నాడు, కాచమనలేదు. కాచితే మందు చస్తున్నదేమోనని ఆమెకు తట్టింది. దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా పూర్తిగా పనిచేసింది. మనుషులకిచ్చే ముందు ఆమె, సహచరులిద్దరు తామే మింగి చూశారు. అదే ఆర్టెమిసినిన్, 2015 నోబెల్ బహుమతి. ఆ మొక్క మన వినాయకచవితి మాచిపత్రికి, దవనానికి ఒకే ప్రజాతి చుట్టం. ఒక్క మందు బయటపడటానికి ఎన్ని చిట్కాలు పక్కన పెట్టవలసి వచ్చిందో చూడండి. "మా తాతల నాటిది" అనే మాట పరీక్షకు మొదలు మాత్రమే.

ఇక మన పసుపు. జూన్‌లో పెడితే జనవరి దాటాక తవ్వుతాం. ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్ము వేరు, మండ వేరు చేసి మార్కెట్టుకు తీసుకుపోతాం. ధర కోసం, బోర్డు కోసం 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పోటీ చేశారు. జగిత్యాల, కోరుట్ల కూడా ఆ స్థానంలోవే. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. సంతోషమే. కాని ఆ కొమ్ములో ఉన్నదేమిటో మనలో ఎందరు చూశాం?

అందులోని కర్క్యుమిన్ నీటిలో కరగదు, ఒంటికి సరిగా పట్టదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 1998లో మిరియాలలోని పైపరిన్ కలిపి ఇచ్చి చూస్తే ఇరవై రెట్లు పట్టింది. పసుపు పాలలో మిరియాలు దంచి వేసే మా నాయనమ్మ గెలిచిందని చప్పట్లు కొట్టబోయి, లెక్క వేశాను. వాళ్ళిచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్. పసుపులో అది నూటికి నాలుగు పాళ్ళు ఉందనుకున్నా 50 గ్రాముల పసుపు కావాలి. చిటికెడు కాదు, దోసెడు! పైగా కర్క్యుమిన్ మందుగా నిలవలేదని 2017లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు పరిశోధనలన్నీ సమీక్షించి తేల్చారు. పసుపు పాలు గొంతుకు హాయి, చలిలో ఒంటికి వెచ్చన. నేనూ తాగుతాను. జ్వరానికి మాత్రం అది మందు కాదు.

ఇదంతా ఎందుకు చెప్పాలంటే, మొన్నటి బతుకమ్మ రోజుల్లో మా వాడకట్టులో ఒకాయనకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులు బొప్పాయి ఆకు రసం, కషాయం. అయిదోనాడు జ్వరం దిగింది. ఇంట్లోవాళ్ళు రసం పనిచేసిందనుకున్నారు. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడే మొదలవుతుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. దావఖానలో మనిషి దక్కాడు. ఆ యేటి పసుపు అమ్మిన డబ్బు మాత్రం ఒక్క రూపాయి మిగలలేదు. మొదటి రోజే రక్తపరీక్ష చేయిస్తే ఇంత దూరం వచ్చేది కాదని మా బాపు ఇప్పటికీ అంటుంటాడు.

మన యూనియన్ ఏటా ఆటలపోటీలు పెడుతుంది. ఈసారి రెండు పనులు అదనంగా పెట్టుకుందామని నా మనవి. భాద్రపదం రాగానే బృందాలుగా మన ఊళ్ళకు పోయి, రెండు రోజులు దాటిన జ్వరాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించాలి, తొట్లలో, టైర్లలో నిలిచిన నీళ్ళు పారబోయించాలి. రెండోది, అవ్వలు చెప్పే చిట్కాలను మొక్క శాస్త్రీయ నామంతో, ఏ భాగం, కాచిందా నూరిందా అన్నదానితో సహా నోటు పుస్తకంలో ఎక్కించాలి. గాయానికి పసుపు పూయటంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పేటెంటును 1997లో మన సి.ఎస్.ఐ.ఆర్. రద్దు చేయించింది పాత గ్రంథాలను, 1953 నాటి ఒక వైద్య పత్రిక వ్యాసాన్ని చూపించే. నోటిమాటలు అక్కడ చెల్లవు. వృక్షశాస్త్రం లెక్చరర్లు పేర్లు సరిచూసి పెడితే, మొదటి పుస్తకం దసరా సెలవుల్లో మా ఊరి నుంచే నేను మొదలుపెడతాను.