తాంబూలం సంచి అందరికీ ఒకే రంగులో ఉండాలి



శ్రావణం దగ్గర పడుతోంది. తిరువళ్ళూరు, తిరుత్తణి మహిళా విభాగాలు రెండూ కలిసి చేసుకునే వరలక్ష్మీ పూజ ఈసారి తిరుత్తణిలో అని గ్రూపులో పెట్టాం. పెట్టిన గంటలోపే వంటకు ఎవరిని పిలవాలి, పూలు ఎవరు తేవాలి, పాటలు ఎవరు పాడాలి అన్నీ మాట్లాడేసుకున్నాం. ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే గొడవవుతుందని అందరికీ తెలుసు. అందుకే మేము ఎత్తుతున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

విషయం తాంబూలం.

పోయిన నవరాత్రుల్లో తిరువళ్ళూరులో కొలువు పేరంటం జరిగింది కదా. ఆ రోజు జరిగింది ముందు చెప్పాలి, ఎందుకంటే తప్పు చేసింది మేమే. ముందురోజు రాత్రి కూర్చుని సంచులు కట్టాం. పసుపు రంగు సంచుల్లో ఆకు, వక్క, అరటిపండ్లు, పసుపు కుంకుమ పొట్లాలు, గాజులు, రవికె గుడ్డ. తెల్ల సంచుల్లో రెండు అరటిపండ్లు, ఒక గుగ్గిళ్ళ పొట్లం. తెల్ల సంచులు ఎవరికి అని మా నోటుబుక్కులో మేమే రాసుకున్నాం: "మిగతావాళ్ళకు" అని. భర్త లేనివాళ్ళకు అని రాయడానికి చెయ్యి రాలేదు, సంచి వేరే కట్టడానికి మాత్రం వచ్చింది.

మన పిల్లలకు మంగళహారతులు నేర్పింది పళ్ళిపట్టు వైపు నుంచి వచ్చే ఒక అవ్వ. ఆ రోజు కూడా రెండు బస్సులు మారి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లలు పాడుతుంటే వెనక వరుసలో కూర్చుని, మరిచిపోయిన చోటల్లా పెదవులతో అందించింది. పాటలయ్యాక సంచులు పంచాం. ఆమెకు తెల్లది ఇచ్చాం. ఆ మనవరాలికి ఏడేళ్ళుంటాయేమో. "అవ్వా, నీకెందుకు తెల్లది ఇచ్చినారు?" అని హాలంతా వినపడేట్టు అడిగింది. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. అవ్వే సర్దుకుని, "నాకు అరటిపండ్లంటే ఇష్టం కదమ్మా, అందుకని" అంది.

ఆ తరువాత రెండు నెలలు ఆమె రాలేదు. మోకాళ్ళ నొప్పి అని చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు.

ఈ అవ్వలు ఎవరో తెలియని కొత్త సభ్యుల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ఆంధ్రలోకి వెళ్ళాయి. ఆ రోజు పలకా బలపం పట్టుకుని బడిలో తెలుగు దిద్దుతున్న ఆడపిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ళ తరువాత పుట్టిన మా బోటివాళ్ళం ఎక్కువమందిమి తమిళ బళ్ళలో చదువుకున్నాం. ఇంట్లో తెలుగే, వంటింట్లో తెలుగే, దేవుడికి మొక్కుకునేది తెలుగులోనే, చదవడం మాత్రం రాదు. మా పాటల నోటుబుక్కులు తెరిస్తే తమిళ అక్షరాల్లో తెలుగు పాటలుంటాయి. 'గ'కీ 'క'కీ ఒకటే అక్షరం కదా, పాడేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు పాడతాం. నవ్వొస్తుంది, బాధా వేస్తుంది. మా పిల్లల సంగతి ఇంకా అవతల. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు ఏ పేచీ లేదు, ఈ నేల భాష అది, మేము తిట్టుకునేది కూడా ఒక్కోసారి అందులోనే. కానీ తెలుగు అక్షరం నేర్పే చోటు బడిలో తగ్గిపోయింది. ఇక ఇంట్లోనే నేర్పాలి. ఇంట్లో ఎవరికి వచ్చు? అవ్వకు.

మగవాళ్ళ సభలో ఏటా సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మన తిరుత్తణిలోనే 1888లో పుట్టారని ఉపన్యాసాలిస్తారు. ఇవ్వాల్సిందే. ఆ ఊళ్ళోనే ఇంకా బతికున్న తెలుగు చదువు ఎవరి దగ్గరుందో ఆ రోజు ఎవరూ అడగరు.

మన నెలవారీ సమావేశాల్లో ఉపయోగపడే పని ఏదైనా జరిగిందంటే అది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. 2023లో మహిళలకు నెలకు వెయ్యి రూపాయల ఉరిమై తొగై దరఖాస్తులు వచ్చినప్పుడు, తమిళం చదవలేని పెద్దవాళ్ళకు మేము నింపి పెట్టాం. వితంతు పింఛను కాగితాలు తాలూకా ఆఫీసుకు పట్టుకెళ్ళాం. దానికి బదులుగా వాళ్ళు మాకు పాటలు ఇచ్చారు, గొబ్బెమ్మలు పెట్టే తీరు నేర్పారు, పిల్లల చేత అ ఆలు దిద్దించారు. పింఛను కాగితం నింపేటప్పుడు "భర్త పేరు, మరణించిన తేదీ" అని అడిగి రాసుకున్నవాళ్ళమే, సంచులు పంచేటప్పుడు అదే తేదీని గుర్తు పెట్టుకుని తెల్లది తీశాం.

ఇది అవ్వల సంగతి మాత్రమే అనుకోకండి. 2021లో కరోనా రెండో విడత మన రెండు ఊళ్ళలోనూ ఎన్ని ఇళ్ళు కూల్చిందో మీకు చెప్పనక్కర్లేదు. మన విభాగం లెక్కలు చూసే ఒక చెల్లెలికి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. భర్త పోయాక ఏడాదికి ఆమెను బతిమాలి సమావేశానికి రప్పించాం. వచ్చింది, లెక్కలు చూసింది, పూజ మొదలవుతుందనగా "పిల్లాడికి ట్యూషన్ ఉందక్కా" అని లేచి వెళ్ళిపోయింది. తరువాతి నెలా అంతే. ఇప్పుడు లెక్కల పుస్తకం ఇంటికే పంపించమంటోంది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనక్కర్లేకుండానే తెలిసిపోయేట్టు కదా మన ఏర్పాటు!

ఈ మాట కమిటీలో ఎత్తినప్పుడు మూడు జవాబులు వచ్చాయి. పేర్లు చెప్పం, మూడూ మన ఆత్మీయుల నుంచి వచ్చినవే.

ఒకటి, శాస్త్రం. పేరంటం ముత్తైదువలది, అది మార్చడానికి మనమెవరం అని. మీ ఇంట్లో మీరు నోము పట్టి, మీ గుమ్మంలోకి మీరు పిలుచుకునే పేరంటం గురించి మేము ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. అది మీ ఇష్టం, మీ అత్తగారి ఇష్టం. కానీ సంఘం సమావేశం ఎవరి ఇల్లూ కాదు. హాలు అద్దె చందాల్లోంచి కట్టాం, అరటిపండ్లు చందాల్లోంచి కొన్నాం. సభ్యత్వం డబ్బులు తీసుకునేటప్పుడు "మీ ఆయన ఉన్నారా" అని ఎవరినీ అడగలేదు. రసీదు అందరికీ ఒకే రంగులో ఇచ్చాం.

దేవుడి దగ్గరికే పోదాం పదండి. అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి దగ్గర బెల్లం నీళ్ళలో వేసే జనంలో మేమూ నిలబడతాం. బెల్లం కరిగినట్టు కష్టాలు కరగాలని అందరూ వేస్తారు. ఎవరు వెయ్యొచ్చు అని మా పక్కన నిలబడ్డవాళ్ళెవరూ ఎప్పుడూ అడగలేదు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండ మీదికి పూల కావడి మోసే ఆడవాళ్ళలో భర్త పోయినవాళ్ళు మాకు తెలిసినవాళ్ళే ఉన్నారు. డిసెంబరు 31న 365 మెట్లకూ పూజలు చేస్తూ భజనలు పాడుకుంటూ ఎక్కుతారు కదా, మన బృందంలో గొంతు ఎత్తి పాడేది ఎవరు? వెనక వరుస అవ్వలే. కొండ ఎక్కడానికి వాళ్ళ పాట కావాలి, హాల్లో వాళ్ళ నుదురు మనకు అడ్డమొస్తుంది.

రెండో జవాబు, "వాళ్ళే వద్దంటారు" అని. ఇది చాలా వరకు నిజం, అందుకే దీన్ని తేలిగ్గా కొట్టేయలేం. "నాకెందుకులేమ్మా, పిల్లలకివ్వండి" అని చెయ్యి వెనక్కి తీసుకునే పెద్దవాళ్ళను చూశాం. నలభై ఏళ్ళుగా ఎవరూ ఇవ్వనిదాన్ని ఒక్కసారిగా చాపిన చేత్తో ఎవరు తీసుకుంటారు? నలుగురూ చూస్తుండగా "వద్దు" అనడమే మర్యాద అని నేర్పి, ఆ మర్యాదను వాళ్ళ ఇష్టం అంటున్నాం. అలాగని బలవంతంగా బొట్టు పెట్టమని మేము అనడం లేదు. అది ఇంకో రకం దౌర్జన్యం. సంచి ఒకటే ఇద్దాం. అందులో కుంకుమ పొట్లం ఉంటుంది. ఆమె పెట్టుకుంటుందో, ఇంటి గడప మీద చల్లుతుందో, కోడలికి ఇస్తుందో ఆమె ఇష్టం. మనం తీసేసి ఇవ్వడం వేరు, ఆమె పక్కన పెట్టుకోవడం వేరు.

మూడో జవాబు, "ఇలా మొదలుపెడితే మన వాళ్ళు రావడం మానేస్తారు". కొందరు మానేస్తారేమో. ఇప్పటికే మానేసినవాళ్ళ లెక్క కూడా వేద్దామా? లెక్క రాసే అమ్మాయే మానేసింది.

ఇది ఇప్పుడు మేము కనిపెట్టిన మాట కూడా కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రాకుండా పోతే, రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండి పెట్టారు. ఆయన పేరు వీధులకుంది. బిందె మోసిన ఆవిడ సంగతి మనం ఎప్పుడైనా సమావేశంలో చెప్పుకున్నామా? మనకు ఇంకా దగ్గరి సంగతి, మెరీనా ఒడ్డున ఐస్‌హౌస్. ఇప్పుడు వివేకానంద ఇల్లం అని పిల్లలను తీసుకెళ్తాం. ఒకప్పుడు అందులో బాల వితంతువులు ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళను అక్కడ పెట్టి చదివించిన సుబ్బలక్ష్మి గారు తానూ బాల వితంతువే, 1911లో మద్రాసులో పట్టభద్రురాలయ్యారు. దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టాక, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్యులేషన్‌కు తయారు చేయించారు. తెలుగు ఆడవాళ్ళ సంఘం అంటే ఈ ఊళ్ళకు దగ్గర్లోనే అదీ పని. మనం రవికె గుడ్డల రంగు దగ్గర ఆగిపోయాం.

పాత కథలు వద్దంటే కొత్తవి ఉన్నాయి. 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మా ఊళ్ళో ఉండకూడదని తీర్మానం చేసింది. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్ళూ ఆ దారిలో నడవాలని చెప్పింది. 2023 ఆగస్టులో మన మద్రాసు హైకోర్టు, ఈరోడు జిల్లాలో ఒక గుడి ఉత్సవానికి వితంతువును రానివ్వమన్న కేసులో, ఆమెను ఆపే హక్కు ఎవరికీ లేదని చెప్పింది. ఒక పంచాయతీ చేయగలిగింది, మహిళా విభాగం అని పేరు పెట్టుకున్న మనం చేయలేమా?

మేము అడిగేది చిన్నదే. ఈ శ్రావణ శుక్రవారం తిరుత్తణిలో సంచులన్నీ ఒకే రంగు, లోపల సామాను ఒకటే. కుర్చీలు ముందు వరుస పెద్దవాళ్ళకు, వయసు చూసి, మరింకేమీ చూడకుండా. పిల్లల హారతి పాట అయ్యాక మొదటి సంచి పాట నేర్పినవాళ్ళకు. పంచేది కూడా ఎప్పుడూ పంచే నలుగురమే కాకుండా, లెక్కలు చూసే మా చెల్లెలు ఒప్పుకుంటే ఆమె చేతుల మీదుగా. ఒప్పుకోకపోతే అడగడం మానం. అవ్వ ఇంటికి మాలో ఇద్దరం వచ్చే ఆదివారం వెళ్తున్నాం, పిలవడానికి. పోయినసారి సంగతి ఆమె ఎత్తదు, మేమే ఎత్తి క్షమించమని అడగాలి. ఏమంటుందో తెలియదు.

ఇష్టం లేనివాళ్ళు ఆ మాట నేరుగా చెప్పండి, గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకండి. సంచులకు ఆర్డరు ఇవ్వాల్సింది ఆడికృత్తిక రద్దీ తగ్గాక, అంటే ఇంకా పది రోజులుంది. తిరువళ్ళూరు నుంచి వచ్చేవాళ్ళకు తిరుత్తణి లోకల్ అందకపోతే అరక్కోణంలో దిగి బస్సు ఎక్కండి. సంచులు కట్టడానికి గురువారం సాయంత్రం మనుషులు తక్కువున్నారు, కనీసం ఆరుగురు కావాలి. కత్తెర, దారం మేము తెస్తాం.