ఒక్క వయసు, ఒక్క అవకాశం

2014లో నాంజింగ్ యువ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కినవి రెండే పతకాలు. వాటిలో 77 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ రజతం స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్‌ది. అప్పటికతనికి 17 ఏళ్లు. 2010 సింగపూర్ పోటీలనాటికి మరీ చిన్నవాడు, 2018 బ్యూనస్ ఎయిర్స్ నాటికి వయసు దాటినవాడు. దొరికింది ఒక్క అవకాశమే. దాన్ని దక్కించుకున్న కుర్రాడు నాలుగేళ్లకు గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు. పతకాల పట్టిక చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఈ వయసు లెక్క పట్టదు. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడితే చాలామంది ఆగి ఆడగలిగారు. 2022లో జరగాల్సిన డకార్ యువ ఒలింపిక్స్ మాత్రం ఏకంగా 2026కు వెళ్లాయి. అప్పటి పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఆ వయసు తిరిగి రాదు. ఆసియా యువ క్రీడలైతే 2013 తర్వాత మళ్లీ జరిగింది 2025లో, బహ్రెయిన్‌లో. ఈ నష్టం అందరికీ ఒకేలా తగలదు. వెయిట్‌లిఫ్టర్లలో మత్స సంతోషి ఊరు కొండవెలగాడ, కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట. ఇలాంటి పల్లెల్లో సొంత డబ్బుతో పిల్లల్ని విదేశీ టోర్నీలకు పంపగల ఇళ్లెన్ని? వాళ్లకు దేశం ఖర్చుతో వెళ్లే యువ పోటీలే తొలి అంతర్జాతీయ వేదిక. అందుకే పోటీలు జరగక అవకాశం కోల్పోయిన ఆ ఏళ్లవారి విషయంలో శిబిరాల ఎంపికకూ, ఉద్యోగాల క్రీడా కోటాకూ జాతీయ జూనియర్ పతకాన్నే అంతర్జాతీయ పతకంతో సమానంగా లెక్కించాలి.