చిరాకు పడితే ప్రేమేనా?

ఈమధ్య మా తరగతి అమ్మాయిలకి ఒక రకం కథల పిచ్చి పట్టుకుంది. ఫోన్లో చదువుతారు, ఎక్కువగా ఇంగ్లీషులో. కథ ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒకాయన పెద్ద ఆఫీసుకి బాసు. చర్మం నీలంగానో వెండి రంగులోనో ఉంటుంది. ఎప్పుడు చూసినా చిరచిరలాడుతుంటాడు. ఆయన కింద పనిచేసే మన భూమి అమ్మాయి మూడొందల పేజీలు ఓపిక పడుతుంది. చివర్లో ఆయన ఒక్కసారి నవ్వుతాడు. అంతే, అది ప్రేమ అంటారు.

నేనూ నాలుగైదు చదివాను. చదవకుండా తిట్టడం నాకు నచ్చదు. పెద్దవాళ్ళు "ప్రేమ కథలు చదివితే పిల్లలు పాడైపోతారు" అంటారే, నా గొడవ అది కాదు. వేరే లోకం వాళ్ళతో ప్రేమ మనకి కొత్తా ఏమన్నా? ఊర్వశి పురూరవుడి కోసం వచ్చింది, గంగ శంతనుడి కోసం వచ్చింది. 1961లో మన మద్రాసు విజయా వాళ్ళు తీసిన 'జగదేకవీరుని కథ'లో ఇంద్రుడి కూతురు వచ్చింది. 1990లో 'జగదేకవీరుడు అతిలోక సుందరి'లో శ్రీదేవి వచ్చింది. మా అమ్మ ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వేసినా వంట ఆపేసి చూస్తుంది.

ఆ సినిమానే తీసుకోండి. ఇంద్రజ ఉంగరం భూమ్మీద పోయింది. అది లేకపోతే స్వర్గానికి వెళ్ళలేదు. ఆ ఉంగరం రాజు దగ్గరుంది. రాజు ఒక మామూలు టూరిస్టు గైడు. ఆమెకి మన పద్ధతులు తెలియవు, అందుకే మనకి నవ్వొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు నేర్చుకోవడం న్యాయం కదా! మరి ఈ ఫోను కథల్లో ఏం జరుగుతుంది? వచ్చింది ఆయన, నేర్చుకునేది ఈ అమ్మాయి. ఆయనకి కాఫీ ఎంత వేడిగా కావాలి, ఏ మాటకి కోపం వస్తుంది, ఏ రోజు మాట్లాడకూడదు, అన్నీ ఈమే కంఠస్థం చెయ్యాలి. భూమి మనది, ఆయన అతిథి. అయినా సర్దుకునేది మనమే. ఎందుకంటే జీతం ఇచ్చేది ఆయన.

అసలు కిటుకు అక్కడే ఉంది. మా తెలుగు మాస్టారు అల్లసాని పెద్దన 'మనుచరిత్ర' కథ చెప్పారు. ప్రవరుడు కాళ్ళకి పసరు రాసుకుని హిమాలయానికి వెళ్ళాడు. మంచుకి పసరు కరిగిపోయింది, ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియలేదు. అక్కడ వరూధిని కనిపించింది. ఆమె అప్సరస, అందగత్తె, అడిగితే ఏదైనా ఇస్తుంది. ప్రవరుడు వద్దన్నాడు. ఆమె ఏడ్చినా వద్దన్నాడు. అగ్నిదేవుడిని ప్రార్థించి ఇంటికి వెళ్ళిపోయాడు. క్లాసులో మగపిల్లలు ఆయన్ని పిచ్చోడు అని నవ్వారు, అది వేరే సంగతి. నేను మాత్రం ఒకటి గమనించాను. ప్రవరుడు వద్దని చెప్పి వెళ్ళగలిగాడు. వరూధిని దగ్గర ఆయన నెల జీతం లేదు. బాసు దగ్గర మనం ఏ దేవుడిని ప్రార్థించాలి?

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' కూడా బాసు కథే కదా అని ఒక స్నేహితురాలు అడిగింది. అవును. అందులోనూ ప్రేమ నిదానంగానే వస్తుంది. కానీ జయంతి ఆత్మాభిమానం వల్ల ఆలస్యమవుతుంది. ఫోను కథల్లో ఆయనగారి మూడ్ వల్ల ఆలస్యమవుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

మా పెద్దమ్మ కూతురు టి.నగర్‌లో ఒక బట్టల కొట్టులో పనిచేస్తుంది. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిది దాటుతుంది. ఒక్కొక్కరు ముప్పై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోతారు. అవన్నీ మళ్ళీ మడత పెట్టాలి. 2021లో తమిళనాడు శాసనసభ దుకాణాల చట్టాన్ని మార్చింది. కొట్లో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి సీట్లు ఉండాలని అందులో రాశారు. కేరళలో 2018లోనే వచ్చింది. కూర్చోవడానికి కూడా చట్టం కావాల్సి వచ్చిందంటే చూడండి! అక్క వాళ్ళ కొట్లోనూ మూల రెండు స్టూళ్ళు వేశారు. ఎవరైనా కూర్చుంటే సూపర్‌వైజర్ ఏమీ అనడు. ఒక చూపు చూస్తాడు. అంతే, లేచి నిలబడతారు.

అచ్చం అదే చూపు నీలం రంగు ఆయన చూస్తే మా క్లాసు అమ్మాయిలు గుండె బొమ్మలు పెడుతున్నారు.

"ఆయన గ్రహాంతరవాసి కదే, మనసులో మాట చెప్పడం రాదు" అని వాదిస్తారు. అంతరిక్ష నౌక నడపడం వచ్చు, కంపెనీ నడపడం వచ్చు, పదిమందిని తిట్టడం వచ్చు. "థాంక్స్" అనడం ఒక్కటే రాదా? పైన ఉన్నవాళ్ళకి ఆయన ఎప్పుడూ చిరాకు చూపించడు, గమనించారా? వేరే గ్రహం అనేది ఒక సాకు. అదే మాటలు మామూలు సూపర్‌వైజర్ అంటే పేజీ తిప్పకుండా మూసేస్తాం. నీలం రంగు పూస్తే క్షమించేస్తాం.

ఇంకో విషయం చెప్పాలి. అక్క కూడా ఈ కథలు చదువుతుంది, బస్సులో, రాత్రి ఇంటికొచ్చేటప్పుడు. నేను ఇదంతా చెప్తే విసుక్కుంది. "ఆ కథలో బాసుకి కనీసం ఆ పిల్ల పేరు తెలుసే. మావాడికి నేను మూడో కౌంటర్ అంతే" అంది. దీనికి నా దగ్గర జవాబు ఉంది కానీ ఆవిడ కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఉంది, అందుకని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను. పేరు గుర్తుపెట్టుకోవడం ఆయన ప్రేమ కాదక్కా, ఆయన చెయ్యాల్సిన పని.

నిదానంగా పుట్టే ప్రేమ కథ నాకూ కావాలి. గ్రహాంతరవాసి ఉన్నా సరే. కాకపోతే ఆయన్ని బాసు కుర్చీలోంచి దింపి మూడో కౌంటర్ పక్కన నాలుగో కౌంటర్లో పెట్టండి. దీపావళి సీజన్‌లో చేరాలి. చీర మడత పెట్టడం రాక అక్కని అడగాలి. వాళ్ళ గ్రహంలో బరువు తక్కువ కాబట్టి మధ్యాహ్నానికే కాళ్ళు లాగాలి. వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోవాలి. సూపర్‌వైజర్ చూపు చూస్తాడు. కొత్తవాడు కదా, ఆ చూపుకి అర్థం తెలియదు, కూర్చునే ఉంటాడు. రెండో స్టూలు ఖాళీగా ఉందని అక్కని పేరు పెట్టి పిలుస్తాడు.