విమానాశ్రయంలో ఉదజని: యంత్రం కొందామా, విద్య నేర్చుకుందామా?

నీటిలోకి విద్యుత్తు పంపితే ఉదజని, ప్రాణవాయువు విడివిడిగా వస్తాయని మనమంతా ఇంటర్మీడియట్‌లోనే బట్టీ పట్టాం. పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మరచిపోయాం. ఆ పాఠమే ఇవాళ మన దేశంలో ఒక విమానాశ్రయం గడప తొక్కుతోంది. దాని గురించి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొచ్చిన్ విమానాశ్రయం 2015లో పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే తొలి విమానాశ్రయంగా ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. 2024 ఫిబ్రవరిలో అది భారత్ పెట్రోలియంతో మరో ఒప్పందం చేసుకుంది. విమానాశ్రయంలోనే 1000 కిలోవాట్ల హరిత ఉదజని ప్లాంటు పెట్టాలి; తయారైన వాయువుతో ముందుగా అక్కడి వాహనాలు నడపాలి.

విమానాశ్రయమే ఎందుకూ అంటే, ఉదజని మహా పేచీకోరు సరుకు. మామూలు పీడనంలో ఒక్క కిలో 11 ఘనమీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి. లారీలకెక్కించి ఊళ్ళు దాటించేకంటే వాడేచోటే తయారుచేసుకోవడం మేలు. విమానాశ్రయంలో బస్సులు, సామాన్లు లాగే ట్రాక్టర్లు రోజంతా ఆ ఆవరణలోనే తిరుగుతాయి. ఒక్క బంకు చాలు. జర్మనీలో మ్యూనిక్ విమానాశ్రయం 1999లోనే ఉదజని బస్సులు నడిపి చూసింది.

కాదనేవాళ్ళ మాటా వినాలి. కిలో ఉదజనికి 50, 55 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. దాన్నుంచి తిరిగి రాబట్టగలిగేది 15, 20 యూనిట్లే. "ఆ కరెంటేదో బాటరీకి పోస్తే పోలా?" అంటారు. చిన్న బండ్ల మటుకు అది న్యాయమైన మాటే. కాని ఆగకుండా తిరిగే బరువైన బస్సులకీ, డీజిల్ జనరేటర్ల స్థానంలోకీ ఉదజని పనికొస్తుంది. ఆకాశం సంగతి తర్వాత. 2035 నాటికి ఉదజని విమానం తెస్తామని 2020లో చెప్పిన ఎయిర్‌బస్, 2025లో గడువు వెనక్కి జరిపింది.

లెక్క కూడా చూద్దాం. ఆ ప్లాంటు రాత్రింబవళ్ళు నడిస్తే రోజుకు 400 కిలోల పైచిలుకు వస్తుంది. ఎండ కాసే అయిదారు గంటలే నడిస్తే సుమారు 100 కిలోలు. నీరు కిలోకు 9 లీటర్లు, శుద్ధిలో పోయేది కలిపితే దానికి రెట్టింపు అనుకున్నా రోజుకు ఒకటి రెండు టాంకర్లు. కాబట్టి నీటికంటే కరెంటే అసలు సమస్య.

అంతకంటే పెద్ద సమస్య విద్య. కేంద్రం 2023 జనవరిలో హరిత ఉదజనికి 19,744 కోట్లు మంజూరు చేసింది. 2025 జనవరిలో మన పూడిమడకలోనూ పెద్ద కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. బాగానే ఉంది. మరి రేపు పొర చిరిగితే మార్చేదెవరు? ఉదజనికి వాసన లేదు, పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. లీకయితే కనిపెట్టేదెవరు? పై దేశపు ఇంజనీరు విమానం దిగేదాకా యంత్రం మూలపడి ఉండాలా? కొనుక్కొచ్చిన యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టి రిబ్బను కత్తిరిస్తే అది విజ్ఞానం కాదండీ, వట్టి బేరం!

అందుకే నేను కోరేది ఇది. అలాంటి ప్రతి ప్లాంటూ దగ్గరి విశ్వవిద్యాలయంతో ముడిపడాలి. ఎంత కరెంటు తిన్నది, ఎంత వాయువు ఇచ్చింది నెలనెలా బయటపెట్టాలి. మన కుర్రాళ్ళకీ అమ్మాయిలకీ అక్కడ చేతులకు మసి అంటే శిక్షణ దొరకాలి. అధ్యాపకులు లాబ్‌లో చిన్న యంత్రమొకటి మాచేత కట్టించాలి. చెడితే మేమే బాగుచేస్తాం.

మిత్రులారా, బట్టీ పట్టిన పాఠాన్ని ఇప్పటికైనా చేత్తో నేర్చుకుందాం!